స్టాంపుల సేకరణ సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాలు ఎక్కువగా ఒకే స్టాంపు చుట్టూ తిరిగాయి. అది 1851 జూలై 1న అమెరికాలో వెలువడిన మూడు సెంట్ల వాషింగ్టన్ బిళ్ళ. అరుదైనవాటిని వెతికే మనం ఇంత విరివిగా దొరికేదాన్ని పట్టుకోవడమేమిటని కొందరు అడిగారు. కారణం దాని అచ్చులోనే ఉంది. ఒక్కో అచ్చు ప్లేటు మీద 200 బిళ్ళలు ఉండేవి. వాటిలో చాలావాటి చట్రం గీతలను పనివారు చేత్తో విడివిడిగా దిద్దారు. ఒకచోట గీత కాస్త బయటికి జరిగింది, మరోచోట మూల దాటిపోయింది. ఆ తేడాలను పట్టుకుని అమెరికా స్టాంపుల పరిశోధకుడు డాక్టర్ కారల్ ఛేజ్ ఏళ్ల తరబడి శ్రమించి, ఏ బిళ్ళ ఏ ప్లేటులో ఏ స్థానానిదో తేల్చారు. మనం నేర్చుకుంటున్నదీ ఆ విద్యే.

దాని ఫలితం కళ్ళారా చూశాం. ఒక సభ్యురాలు మడత ఉత్తరం ఒకటి తెచ్చారు. గదిలో దీపం కింద బిళ్ళ మామూలు ఎరుపే అనిపించింది. కిటికీ దగ్గర పగటి వెలుగులో పెట్టగానే నారింజ కలిసిన గోధుమ రంగు తేలింది. తొలి నెలల అచ్చుకే ఉండే రంగు అది. లోపల ఉత్తరం రాసిన తేదీ 1851 ఆగస్టు. ఆ క్షణాన గదిలో ఎవరూ మాట్లాడలేదు.

బాధ కలిగించిన సంగతీ ఉంది. ఒక సభ్యుడు వాడనిదని నమ్మి కొన్న 1847 నాటి ఐదు సెంట్ల ఫ్రాంక్లిన్ బిళ్ళ మీద, అతినీలలోహిత దీపం కింద కలం గీత జాడ కనిపించింది. ఆ రోజుల్లో బిళ్ళ వాడేసినట్టు గుర్తుగా చాలాచోట్ల ముద్రకు బదులు సిరాతో గీత కొట్టేవారు. దాన్ని కడిగేసి ఎక్కువ ధరకు అమ్మే మోసం పాతదే. 1867 నాటి గ్రిల్లు నొక్కులకూ (ముద్ర సిరా కాగితంలోకి ఇంకి, బిళ్ళను మళ్ళీ వాడకుండా చేసేందుకు దాని మీద నొక్కిన చిన్న చుక్కల గళ్ళు) నకిలీలు ఉన్నాయి. ‘జెడ్’ అనే రకం గ్రిల్లు ఉన్న నిజమైన ఒక సెంటు బిళ్ళలు రెండే తెలుసు, అందులో ఒకటి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీది. కాబట్టి నిపుణుల ధ్రువపత్రం లేకుండా ఖరీదైన బిళ్ళ కొనవద్దని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు.

ఒక్క విన్నపం. పాత ఉత్తరాల మీది బిళ్ళలను దయచేసి నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. ఉత్తరం మొత్తాన్నీ అలాగే సమావేశానికి తీసుకురండి.

కార్యదర్శి