మా ఊరి రాతి శిలువ గురించి ఐదోసారి

కౌన్సిల్‌లో పురాతన కట్టడాలు చూసే అధికారి గారికి,

నమస్కారమండీ. ఇంగ్లీషులో నాలుగు అర్జీలు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. మీ భాషలో రాసినా అందనప్పుడు నా భాషలో రాస్తే పోయేదేముందని ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఇక్కడ ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళయినా చదువుతారు.

విషయం మీకు తెలిసిందే. పోయిన డిసెంబరులో ఒక వ్యాను వెనక్కి వస్తూ ఊరి పచ్చికలోని శిలువకు తగిలింది. కింది మెట్టు పగిలింది, స్తంభం ఒరిగింది. మర్నాడే మీవాళ్ళు వచ్చి నారింజరంగు ప్లాస్టిక్ కంచె కట్టేసరికి ఎంత సంబరపడ్డానో! ఆ కంచె ఇంకా ఉంది. రంగు వెలిసింది. ఇంకొన్నాళ్ళుంటే దాన్నీ పురాతన కట్టడాల్లో చేర్చుకోవచ్చు.

పగులులోకి వాన నీళ్ళు దిగుతున్నాయి. చలికి గడ్డకట్టి ఉబ్బి, రాయిని లోపల్నుంచి చీలుస్తున్నాయి. జనవరిలో గోరు దూరని సందులో మార్చికల్లా వేలు దూరింది. పక్కింటి పెద్దాయన పాపం సిమెంటు పూయబోతే నేనే ఆపాను. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, చుట్టూ ఉన్న రాయి ఇంకా తొందరగా పొడిపొడిగా రాలిపోతుంది. సున్నమే వాడాలి. పైగా పురాతన కట్టడాల రక్షణకు ఇక్కడ చేసిన 1979 చట్టం ప్రకారం అనుమతి లేకుండా ముట్టుకుంటే నేరం. బాగుచేసి తీరాలని మాత్రం ఆ చట్టం ఎవరికీ చెప్పలేదు. మేం ముట్టుకోకూడదు, మీరు ముట్టుకోరు. వానకి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు.

1643లో బహిరంగ స్థలాల్లోని శిలువలు కూల్చమని పార్లమెంటే ఆజ్ఞ ఇచ్చింది. వాళ్ళు చేసేదేదో చెప్పి చేశారు. మీరేమో ఫోనులో అడిగితే 'పరిశీలనలో ఉంది' అంటున్నారు.

మాది గెడింగ్టన్ శిలువంత గొప్పది కాదు, ఒప్పుకుంటాను. 1290లో పోయిన ఎలినార్ రాణి కోసం ఎడ్వర్డ్ రాజు కట్టించిన పన్నెండింటిలోనే ఇప్పుడు మూడు మిగిలాయి, గెడింగ్టన్‌ది వాటిలో ఒకటి. మా మొండి స్తంభానికి రాజూ లేడు, రాణీ లేదు.

'ఇది మీకెందుకండీ?' అని ఫోనులో ఒకరు నవ్వారు. నేను పుట్టిన తెలుగు ఊరి నడుమ బొడ్రాయి ఉంటుందండీ. దాన్ని బండి గుద్దితే ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా అన్నం ముందునుంచి లేచి వస్తాడు. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాక ఇదీ నా ఊరే కదా?

అక్టోబరు వచ్చేసింది. దయచేసి ముందు టార్పాలిన్ అయినా కప్పించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని పంపండి. డబ్బు లేదంటే చందాలు మేమే వేసుకుంటాం, అనుమతి కోసం పైకి ఒక్క ఉత్తరం రాయండి చాలు. లేదంటే ఒక్కసారి వచ్చి చూడండి. కంచె దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ ఫైల్లో నాలుగుసార్లున్న వ్యక్తి