పేరు చెప్పకుండా ఫిల్ములు ఇచ్చి వెళ్ళినవారికి

పాత రాకెట్ ప్రయోగాల 16 మి.మీ. ఫిల్ము చుట్టలు, విమానం ఎత్తు చూపే ఒక ఆల్టిమీటరు మాకు అప్పగించి, పేరైనా చెప్పకుండా వెళ్ళిన మీకు మ్యూజియం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

వెనిగర్ వాసన వేస్తున్న రెండు చుట్టల్ని మీరు విడిగా కట్టి ఇచ్చారు. మిగతావి బతికింది అందుకే. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడయ్యేటప్పుడు, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే వదులుతుంది. మూత బిగించిన డబ్బాలో ఆ ఆవిరే ఫిల్మును మరింత త్వరగా తినేస్తుంది, పక్క చుట్టలకూ పాకుతుంది. వాటిని ప్రొజెక్టరుకు ఎక్కించకపోవడం ఎంత మంచిదైందో! ఫిల్ము 1 శాతం కుంచించుకుపోయినా చాలు, అంచు రంధ్రాలు చక్రం పళ్ళకు సరిపోక చిరిగిపోతాయి. పళ్ళు లేని స్కానరు మీదే కాపీ తీస్తున్నాం.

ఆల్టిమీటరు అద్దం విప్పనందుకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. ముల్లు మీద ఉన్నది రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు. చీకట్లో మెరవట్లేదు కదా అని గీకేస్తుంటారు. అరిగిపోయింది అందులో వెలుగునిచ్చే జింక్ సల్ఫైడే. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇక డబ్బాల మీద పెన్సిల్‌తో రాసిన చీటీలు: తేదీ, కెమెరా నిలబెట్టిన చోటు, సెకనుకు ఎన్ని ఫ్రేములు. ఆ చివరి అంకె లేకపోతే హైస్పీడ్ ఫిల్ములో ఇంజను ఎంతసేపు మండిందో లెక్కకట్టలేం. చీటీలనూ ఫిల్ములంత భద్రంగా దాస్తున్నాం.