కొలతల శాస్త్రంలో పోస్ట్‌డాక్: ముందు చూసుకోవాల్సినవి

సంపాదకులకు,

అమెరికా ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) అనగానే మనవాళ్లు చాలామంది ముందు పరిశోధన ప్రతిపాదన రాయడం మొదలుపెడతారు. కానీ ముందు చూసుకోవాల్సింది పౌరసత్వం. నిస్ట్, అక్కడి జాతీయ పరిశోధన మండలి (ఎన్‌ఆర్‌సీ) పేరిట ఇచ్చే నిస్ట్-ఎన్‌ఆర్‌సీ ఫెలోషిప్ అమెరికా పౌరులకే, గ్రీన్‌కార్డు చాలదు. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు మాత్రం మంచి దారి. వ్యవధి రెండేళ్లు. గడువులు మామూలుగా ఫిబ్రవరి 1, ఆగస్టు 1. అక్కడి సలహాదారుతో రెండు నెలల ముందే మాట్లాడుకోకపోతే దరఖాస్తు దండగ.

ప్రతిపాదనలు ఎక్కువగా బలహీనపడేది అనిశ్చితి లెక్క దగ్గర, అంటే కొలత ఎంత మేర అటూఇటూ కావచ్చో చెప్పే లెక్క దగ్గర. పరికరాలను, పద్ధతులను సరిచూసుకోవడానికి వాడే నిస్ట్ యాంటీబాడీ ప్రమాణ పదార్థం ఆర్‌ఎం 8671నే తీసుకోండి: సీసాలో 800 మైక్రోలీటర్లు, మి.లీ.కు సుమారు 10 మి.గ్రా. ప్రొటీన్. 1 సెం.మీ. క్యువెట్‌లో (కాంతి పంపి కొలిచే చిన్న పారదర్శక పాత్రలో) నేరుగా పోస్తే 280 నానోమీటర్ల కాంతి దగ్గర శోషణ (ద్రవం కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) 14 దాకా ఉండాలి, అంత ఎక్కువ శోషణను డిటెక్టర్ కొలవలేదు. 20 రెట్లు పలుచన చేస్తే 0.7కు దిగుతుంది. అయితే ఇప్పుడు పిపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే గొట్టం) లోపం తోడవుతుంది. అందుకే పలుచనను ఘనపరిమాణంతో కాక తూకంతో చేయాలి. పలుచనలో 0.4 శాతం, శోషణలో 0.3 శాతం అనిశ్చితి ఉంటే, రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడనివైతే, మొత్తం 0.7 కాదు, 0.5 శాతం; వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. ఇలాంటి లెక్కల పట్టిక ఒక్కటి ప్రతిపాదనలో పెడితే చాలు, సమీక్షకుడి చూపు మారుతుంది.

ఇక్కడివాళ్లకు మన దేశ పరిశోధన నిధుల సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ వారి జాతీయ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఉంది. అదీ రెండేళ్లే, వయోపరిమితి 35. కొలతల పనికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్‌పీఎల్) తగిన చోటు. దేశ కిలోగ్రామ్ నమూనా, 57వ నంబరు, ఉన్నది అక్కడే.

– కొలతల శాస్త్ర పరిశోధకులు, హైదరాబాద్