వ్యాట్ సొమ్ము వ్యాపారి ఆదాయం కాదు

సంపాదకులకు నమస్కారం.

చిన్న వ్యాపారులకూ, సొంతంగా పని చేసుకునే వృత్తి నిపుణులకూ పద్దులు రాయడం నా వృత్తి. విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్, రేటు పెరిగిందనో తగ్గిందనో పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి గాని, ఆ పన్నును స్వయంగా వసూలు చేసి కట్టవలసినవారికి లెక్క ఎక్కడ తప్పుతుందో ఎవరూ రాయడం లేదు.

నా దగ్గరికి కొత్తగా వచ్చేవారిలో చాలామంది ఖాతాలో పడిన డబ్బంతా తమదే అనుకుంటారు. పన్ను 20 శాతం ఉన్నచోట 100కు 120 వసూలు చేస్తే, అందులో 20 మొదటి రోజు నుంచీ ప్రభుత్వానిదే. రిటర్ను గడువు దాకా అది వ్యాపారి దగ్గర ఉంటుంది, అంతే. ఆ సొమ్మును సరుకుకో అద్దెకో వాడేసి, గడువు దగ్గరపడ్డాక అప్పు కోసం తిరిగినవారిని చూశాను. డబ్బు వచ్చిన రోజే పన్ను భాగాన్ని వేరే ఖాతాలోకి మార్చమని చెబితే చాదస్తమని నవ్వేవారు. వారే రెండో రిటర్ను నాటికి ఆ ఖాతా తెరుస్తారు.

1954లో ఫ్రాన్స్‌లో మోరిస్ లోరే అనే పన్నుల అధికారి రూపొందించిన ఈ పద్ధతిలో, అమ్మకాలపై వసూలు చేసిన పన్నులోంచి కొనుగోళ్లపై చెల్లించిన పన్నును తీసివేసి, మిగిలినది మాత్రమే కట్టాలి. 60కి కొన్న సరుకుపై 12 పన్ను ఇచ్చి, దాన్ని 100కు అమ్మి 20 పన్ను వసూలు చేస్తే కట్టవలసింది 8. కొనుగోలు బిల్లు పోతే ఆ 12 కూడా పోయినట్టే. అనువాదకులకూ, చిత్రకారులకూ, ప్రోగ్రామర్లకూ వృత్తిపరమైన కొనుగోళ్లు తక్కువ గనుక తీసివేయడానికి పెద్దగా ఏమీ ఉండదు, వసూలు చేసినది దాదాపు మొత్తం కట్టాల్సిందే.

పన్నుతో కలిపి ధర చెప్పేచోట మరో చిక్కు ఉంది. 120లో 20 శాతం 24 కదా అని అంతా కట్టేసి నష్టపోయేవారున్నారు. పన్ను వేసింది 100 మీద కాబట్టి, 20 శాతం రేటుకు మొత్తంలో ఆరో వంతే పన్ను. కొనేవారు కూడా వ్యాట్ రిజిస్ట్రేషన్ (ఈ పన్ను వసూలు చేసి కట్టేందుకు ప్రభుత్వం దగ్గర నమోదు) ఉన్న వ్యాపారులైతే తాము ఇచ్చిన పన్నును తమ రిటర్నులో తీసివేసుకుంటారు గనుక ధరపై 20 కలిపినా అభ్యంతరం చెప్పరు. సామాన్య వినియోగదారులకు ఆ వీలు లేదు. వారికి రిజిస్ట్రేషన్‌కు ముందున్న పాత ధర 100కే అమ్ముదామనుకుంటే చేతికి మిగిలేది 83.33, మిగతా 16.67 పన్నుకు పోతుంది. రిజిస్ట్రేషన్ తీసుకునే ముందే తన దగ్గర కొనేవారు ఎలాంటివారో చూసుకోవలసింది ఇందుకే.

రిజిస్ట్రేషన్ ఎప్పుడు తప్పనిసరి అనేది లాభాన్ని బట్టి కాక టర్నోవరును, అంటే మొత్తం అమ్మకాల విలువను, బట్టి నిర్ణయిస్తారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 90,000 పౌండ్లు. దాన్ని ఆర్థిక సంవత్సరానికి ఒకసారి కాకుండా, ప్రతి నెలాఖరునా గడిచిన 12 నెలలకు లెక్కించాలి. సంవత్సరాంతం దాకా ఆగుదామనుకున్నవారు దొరికిపోయేది ఇక్కడే.

సున్నా రేటు, మినహాయింపు అనే రెండింటినీ ఒకటిగా చూడడం కూడా మామూలే. రెండు సందర్భాల్లోనూ కొనేవారి దగ్గర పన్ను తీసుకోరు. అయితే సున్నా రేటు సరుకు అమ్మేవారికి కొనుగోళ్లపై కట్టిన పన్ను వాపసు వస్తుంది, మినహాయింపు ఉన్నవారికి రాదు. బ్రిటన్‌లో పుస్తకాలు మొదటి రకం, బీమా రెండో రకం.

ఇకపై రేట్ల పట్టిక ప్రచురించినప్పుడు, దాని పక్కన ఒక నమూనా ఇన్‌వాయిస్‌ను, పన్నుతో కలిపిన ధరలోంచి పన్నును విడదీసే లెక్కతో సహా, ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అకౌంటెంటు