నీ రిపోర్టులోని ఆ 22 గురించి

ప్రియమైన శ్రీధర్,

విటమిన్ డి 22 అనీ, పక్కన "తక్కువ" అనీ ముద్ర ఉన్న నీ రక్తపరీక్ష రిపోర్టు చూశాను. దాని కింద "ఎముకలు గుల్లబారుతున్నట్టేనా?" అని రాసిన నీ ప్రశ్న చదివాక, ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోవడం కన్నా తీరిగ్గా ఉత్తరం రాయడమే మేలనిపించింది. నీ ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను: 22 అనే ఒక్క అంకెను బట్టి ఆ మాట ఎవరూ అనలేరు.

ఆ రిపోర్టును మరోసారి ముందు పెట్టుకుని, విటమిన్ డి ఉన్న వరుసను వేలు పెట్టి చదువు. "25-హైడ్రాక్సీ విటమిన్ డి, టోటల్" అని ఉంది కదా, చేయించవలసిన పరీక్ష అదే. ఎండ వల్ల చర్మంలో తయారైనదీ, ఆహారం ద్వారానో మాత్రల ద్వారానో అందినదీ కాలేయానికి చేరి ఈ రూపంలోకి మారుతుంది. ఇది రెండు మూడు వారాల పాటు రక్తంలో నిలిచి ఉంటుంది కాబట్టి, శరీరంలోని నిల్వ ఎంతో దీన్ని చూసే అంచనా వేస్తారు. మూత్రపిండాలు దీనినే 1,25-డైహైడ్రాక్సీ అనే చురుకైన రూపంలోకి మారుస్తాయి గానీ, అది కొన్ని గంటలే ఉంటుంది. పైగా డి విటమిన్ తగ్గినప్పుడు, మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోను పెరిగి ఆ మార్పును వేగవంతం చేయడం వల్ల, లోపం ఉన్నవారిలో కూడా అది మామూలుగానో ఎక్కువగానో కనిపించవచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు మరొకటి చేయించుకుని, అంతా బాగుందనుకునే ప్రమాదం అక్కడే ఉంది.

అంకె పక్కనున్న కొలమానాన్ని కూడా చూడు. నీది మిల్లీలీటరుకు 22 నానోగ్రాములు. ఇదే ఫలితాన్ని కొన్ని ల్యాబులు లీటరుకు 55 నానోమోల్స్ అని ముద్రిస్తాయి, ఎందుకంటే మొదటి కొలతను రెండున్నరతో గుణిస్తే రెండోది వస్తుంది. కొలమానం చూడకుండా పాత రిపోర్టునూ కొత్త రిపోర్టునూ పోల్చుకుని సంతోషించినా, దిగులుపడినా అర్థం లేదు.

ఇక నిన్ను భయపెట్టిన "తక్కువ" అనే ముద్ర సంగతి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణులు 2010 చివర వెలువరించిన నివేదికలో, ఎముకల ఆరోగ్యానికి 20 నానోగ్రాములు దాదాపు అందరికీ సరిపోతాయనీ, 12 కంటే తగ్గితే లోపం వల్ల నష్టం కలిగే అవకాశం ఉందనీ చెప్పారు. ఆ మరుసటి ఏడాదే హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 30 దాటితేనే చాలినంత అనీ, 21 నుంచి 29 వరకు కొరత అనీ గీత గీసింది. చాలా ల్యాబులు రిపోర్టులలో ఆ 30నే పట్టుకున్నాయి. అంటే నీ 22 ఒక లెక్కలో చాలినంత, మరో లెక్కలో కొరత. 2024లో అదే సొసైటీ కొత్త మార్గదర్శకాలు ఇస్తూ ఆ 30 గీతను తాము ఇకపై సమర్థించడం లేదని చెప్పింది. ప్రత్యేక కారణమేమీ లేని ఆరోగ్యవంతులకు ఈ పరీక్షను మామూలుగా చేయవద్దని కూడా సూచించింది. నన్నడిగితే ఇది ఎప్పుడో రావలసిన మాట. ఏ బాధా లేని మనిషిని ఒక అచ్చుముద్ర రోగిగా మార్చేయడం నాకు నిజంగా కష్టం కలిగిస్తుంది.

అలాగని ఈ పరీక్షను తేలిగ్గా కొట్టిపారేయమనడం లేదు. ఎముకలు పెళుసుబారినవారికీ, పేగుల్లో కొవ్వు సరిగా ఇంకనివారికీ, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారికీ, కొన్ని రకాల మూర్ఛ మందులు వాడేవారికీ ఈ అంకె చాలా ముఖ్యం. తీవ్రమైన లోపం చాలాకాలం కొనసాగితే పెద్దవాళ్లలో ఎముకలు మెత్తబడి, తొడలూ నడుమూ నొప్పెట్టి, కుర్చీలోంచి లేవడం కూడా కష్టమవుతుంది. అలాంటి అనుమానం ఉన్నప్పుడు డాక్టరు కాల్షియం, ఫాస్ఫరస్, ఎముకల్లోని మార్పులను సూచించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము, పారాథైరాయిడ్ హార్మోను కలిపి చూస్తారు. నీ రిపోర్టులో కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ మామూలుగానే ఉన్నాయి. నా దృష్టిలో ఆ 22 కన్నా ఈ రెండూ నీకు ఎక్కువ ధైర్యం చెప్పాలి.

మరొకటి, ఒకే రక్తాన్ని రెండు ల్యాబులకు ఇచ్చినా పరీక్షా పద్ధతిని బట్టి అంకెలు కొంత తేడాగా రావచ్చు. జుట్టు కోసం నీవు బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నానన్నావు; కొన్ని పద్ధతుల్లో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పు.

నాకు అసలు ఆందోళన కలిగించింది, ఎవరో చెప్పారని ఎక్కువ మోతాదు గుళికలు మొదలుపెడతానన్న నీ మాట. డెబ్బై ఏళ్లలోపు పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలునని ఆ 2010 నివేదికే చెప్పింది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా 4000 దాటకూడదని పరిమితి పెట్టింది. వారానికొకటి వేసుకోవలసిన పెద్ద గుళికను పొరపాటున రోజూ మింగి ఆసుపత్రి పాలైనవారున్నారు. కొవ్వులో కరిగే విటమిన్ కనుక ఎక్కువైనది త్వరగా బయటకు పోదు. అది రక్తంలో కాల్షియాన్ని పెంచి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం కలిగిస్తుంది, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఒకవేళ డాక్టరే మాత్రలు రాస్తే రోజుకా, వారానికా, ఎన్నాళ్లు అన్నది చీటీ మీద స్పష్టంగా రాయించుకో. మళ్లీ పరీక్ష అవసరమన్నా మూడు నెలలు ఆగు. అంతకుముందు చేయిస్తే అంకె ఇంకా స్థిరపడి ఉండదు.

సాయంత్రాలు నీరసంగా ఉంటోందన్నావు, దానికి మాత్రం డి విటమినే కారణమని తీర్మానించుకోవద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, నిద్ర సంగతులు కూడా డాక్టరుతో మాట్లాడి, ఆయన ఏమన్నారో నాకు వివరంగా రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు