స్నో తర్వాత సొట్టలు: మీ కారు ఎప్పటికి అవుతుంది, ఏది అవ్వదు

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల నుంచి మా బాడీ షాపుకి కార్లు ఇస్తున్న కస్టమర్లందరికీ నమస్కారం. ముందు చేదు సంగతి చెప్పేస్తాం. సొట్టల పనికి ఇప్పుడు మూడు వారాలు పడుతోంది. పది రోజుల్లో ఇస్తామని చెప్పినవాళ్లకీ అంతే, ఆ లెక్క మాదే తప్పు. స్నో మీద ఐస్ వాన పడితే కారు రూఫ్ పనులు ఇన్ని వస్తాయని అంచనా వేయలేకపోయాం.

స్నో బరువుకే రూఫ్ కుంగడం అరుదు. పొడి స్నో ఘనపుటడుగుకి ఐదారు పౌండ్లుంటుంది, తడిసి గట్టిపడితే 20 దాకా వెళ్తుంది. అయినా ఆ బరువు రూఫంతా పరుచుకుంటుంది. అసలు దెబ్బ చూరు నుంచి జారిపడే ఐస్ గడ్డది. గట్టి ఐస్ ఘనపుటడుగు 57 పౌండ్లు. అందులో పావు ముక్క రెండో అంతస్తు నుంచి పడినా సొట్ట పడుతుంది, రూఫ్ రేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లే కదా. చోటు దొరికిందని చూరు కింద, చెట్టు కింద పార్క్ చేయకండి.

పెయింట్ పగలకపోతే సొట్టని లోపల్నించి కడ్డీలతో నెట్టి తీస్తాం, మళ్లీ పెయింట్ అక్కర్లేదు. కానీ రూఫ్‌కైతే ముందు లోపలి సీలింగ్ గుడ్డ దించాలి. పక్కలమ్మట ఎయిర్‌బ్యాగులుంటాయి, తొందరపడే పని కాదు. సగం లేబర్ అక్కడే పోతుంది. రూఫ్ అంచు మడత మీద పడ్డ సొట్ట పూర్తిగా పోతుందని మాటివ్వలేం. హుడ్‌కి ఫ్రిజ్ మాగ్నెట్ అతుక్కోకపోతే అది చాలావరకు అల్యూమినియమే. దాన్ని సరిచేయడం కష్టం, రేటూ ఎక్కువే.

నిజానికి వచ్చిన కార్లలో చాలావాటిని పాడుచేసింది స్నో కాదు, స్నో తీసిన తీరు. పారతో గీకారు. రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. గీతలో గోరు తట్టుకోకపోతే పాలిష్‌తో పోతుంది, తట్టుకుంటే పెయింటే. ఫోమ్ తల ఉన్న బ్రష్ కొనుక్కోండి, అదీ ఒక అంగుళం స్నో వదిలేసి పైది మాత్రమే తోయండి. అద్దం మీద వేడినీళ్లు వద్దు, చిన్న చిప్ ఉన్నా అక్కణ్ణుంచి పగులు పాకుతుంది. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కార్లకి కొత్త అద్దం వేశాక కాలిబ్రేషన్ చేయించాలి, అంటే కెమెరా గురి సరిచూడాలి. ఆ పరికరాలు మా దగ్గర లేవు, బయటికి పంపుతాం. దానికి వేరే బిల్లు, ఇంకో రోజు.

వైపర్లు ఆటో మోడ్‌లో వదిలేసి బండి ఆపకండి. బ్లేడ్ అద్దానికి అతుక్కుని ఉండగా స్టార్ట్ చేస్తే మోటార్ లాగుతుంది, మోటార్‌ని వైపర్‌కి కలిపే లింకేజ్‌లో ప్లాస్టిక్ జాయింట్ ఊడిపోతుంది. తర్వాత మోటార్ చప్పుడే తప్ప వైపర్ కదలదు.

రోడ్డు మీద స్నో తీసే ప్లౌ బండి తోసిన స్నో బంపర్ చుట్టూ గడ్డకట్టి ఉంటే, తవ్వకుండా రివర్స్ చేయకండి. క్లిప్పులు తెగి, కింది ప్లాస్టిక్ షీల్డ్ అక్కడే ఉండిపోతుంది. అన్నిటికంటే ముందు పొగగొట్టం చుట్టూ తవ్వండి. అది మూసుకుపోయి ఉండగా రిమోట్ స్టార్ట్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

ఇన్సూరెన్స్ సంగతి: ఐస్, కొమ్మ మీదపడితే మామూలుగా కాంప్రహెన్సివ్ (గుద్దుకోవడం కాని నష్టాల కవరేజ్) కిందికి వస్తుంది. జారి దేన్నైనా గుద్దితే కొలిజన్. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే లయబిలిటీ ఒక్కటే ఉంటే రెండిటికీ రాదు. గడ్డ అక్కడుండగానే ఫొటోలు తీయండి. రిపేరు మీ డిడక్టిబుల్ (మీ జేబులోంచి ముందు కట్టాల్సిన మొత్తం) కంటే తక్కువయ్యేలా ఉంటే మేమే చెప్తాం, అప్పుడు క్లెయిమ్ వేసి ఉపయోగం లేదు.

ఫొటోలయ్యాక, కారు తెచ్చే ముందు రూఫ్ మొత్తం దులపండి. న్యూజెర్సీలో దులపకుండా రోడ్డెక్కితే 25 నుంచి 75 డాలర్ల ఫైన్, ఎగిరిన ఐస్ ఎవరికైనా నష్టం చేస్తే 200 నుంచి 1,000. పైగా ఐస్ కరిగి రేకు ఆరేదాకా లైటు పెట్టి సొట్టలు లెక్కపెట్టలేం, అప్పటిదాకా ఎస్టిమేట్ రాయం.