పాండాలకు రాజభోగం ఎక్కడిది?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ అంతర్జాతీయ పేజీలో వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలోని బావో లీ, చింగ్ బావో అనే పాండాల ఫొటో వేసి, పైన 'రాజభోగం' అని శీర్షిక పెట్టారు. ఏసీ గది, వేళకు వెదురు, చుట్టూ కెమెరాలు ఉన్నంత మాత్రాన అది రాజభోగమైతే, రోజూ కడిగి షెడ్డులో పెట్టే అద్దె కారు కూడా భోగం అనుభవిస్తున్నట్టే లెక్క. ఆ రెండు జంతువులూ అద్దెకు వచ్చినవేనన్న సంగతి మీ కథనంలో ఎక్కడా లేదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటన తరువాత పాండాలను కానుకగా పంపిన చైనా, 1980ల నుంచి అద్దెకే ఇస్తోంది. ఈ జంటకు ఏడాదికి 10 లక్షల డాలర్లు కట్టాలి, పిల్ల పుడితే అదీ చైనాకే చెందుతుంది.

జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక ఒక్క మాట. పాండా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలిలా పెరిగిన ఎముకతో వెదురు బొంగును ఒడిసి పట్టుకుని, పళ్లతో పై పచ్చని తోలు ఒలిచి తింటుంది. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది ఐదో వంతు కూడా ఉండదు కనుక రోజులో సగం తిండికే సరిపోతుంది. అడవిలో అది ఒంటరి జీవి. వసంతకాలంలో ఆడదాని చుట్టూ నాలుగైదు మగవి చేరి పోట్లాడుకుంటాయి. బోనులో మాత్రం దాని జోడీని వంశావళి రికార్డు చూసి మనుషులే నిర్ణయిస్తారు. ఏడాదికి ఒకటి నుంచి మూడు రోజులు మాత్రమే ఎదకు వచ్చే ఆ ఆడ పాండా ఒప్పుకోకపోతే మత్తిచ్చి కృత్రిమ గర్భధారణ చేస్తారు. ఇందులో రాజభోగం ఏ పూట అనుభవిస్తుందో మీ ఉపసంపాదకులే చెప్పాలి.

అమెరికాలోనే ఉన్న మెంఫిస్ జూ సంగతి మీరు మరిచినా పాఠకులు మరవలేదు. మూడేళ్లు నిండకుండానే 2003లో అక్కడికి చేరిన యా యా అనే ఆడ పాండా ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయింది. జోడీ లె లె 2023 ఫిబ్రవరిలో చనిపోయింది. బొచ్చు ఊడి, అట్టకట్టినట్టు కనిపించిన యా యా ఫొటోలు చూసి చైనాలో జనం గగ్గోలు పెట్టారు. అది చర్మవ్యాధి అనీ, రోగనిరోధక శక్తికీ హార్మోన్లకూ సంబంధించినదనీ జూ వారు చెప్పారు. నిజమే కావచ్చు, వారి మాటను తోసిపుచ్చే ఆధారం నా దగ్గర లేదు. కానీ ఆ ఏప్రిల్‌లో ఒప్పందం ముగిసి విమానమెక్కేదాకా ఆ జంతువు ఇష్టాయిష్టాలతో ఎవరికీ పని పడలేదు. ఫిన్లాండ్‌లో మరీ విడ్డూరం: 80 లక్షల యూరోలకు పైగా పోసి ఇల్లు కట్టి, 2018లో తెచ్చుకున్న జంటను ఖర్చు భరించలేక 2024లో గడువుకు ఎంతో ముందే తిప్పి పంపేశారు.

అద్దె సొమ్మంతా అడవి పాండాల కోసమేనని అధికారులు ఏ దేశంలోనైనా ఒకే పాఠం అప్పజెబుతారు. ప్రపంచంలో బోనుల్లో ఉన్నవి 700 పైచిలుకు కాగా, అలా పుట్టి అడవికి వెళ్లినవి పట్టుమని ఇరవై కూడా లేవు. 2006లో మొట్టమొదట వదిలిన షియాంగ్ షియాంగ్ ఏడాది తిరక్కుండానే చనిపోయింది. ఒకప్పుడు మీ పత్రికలో ఇలాంటి లెక్కలు అడిగే విలేకరులుండేవారు. ఇప్పుడు పంపిన ఫొటో, పంపిన నాలుగు మాటలు యథాతథంగా అచ్చవుతున్నాయి, పైన ముద్దుగా ఒక శీర్షిక తగిలిస్తున్నారు.

స్థలాభావం వల్ల ఈ లేఖను కత్తిరించక తప్పదనుకుంటే, నా బొటనవేలి పాఠం తీసేసినా ఫరవాలేదు గానీ మెంఫిస్ పేరా మాత్రం ఉంచగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి